గంప కింద ఆగిన ఆట

తిరుమణి, పావగడ తాలూకా
2-11-1942

ఓబళప్పకు,

కాటప్ప రాయునది. ముందు బావ అని రాసి కొట్టేశాను. పైన సిరా మరక అదే. కాగితం దొరకని రోజులు, ఇంకొకటి తీయబుద్ధి కాలేదు.

అమ్మ దసరా నుంచి మంచం దిగలేదు. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయాయి. మాట ఉంది, తెలివి ఉంది. కళ్లు తెరిస్తే ఒకటే ప్రశ్న. "రంగక్క ఎప్పుడొస్తాదిరా?" అంటుంది. నా భార్య మారక్క రోజూ "రేపొస్తాది అత్తా" అని చెబుతోంది. నాకు ఆ అబద్ధం నోట రాదు, అందుకని అమ్మ మేలుకునే వేళకు బడికి పోతున్నాను.

పదేండ్ల కిందట రాయచెర్లులో మీ ఇంటి పంచలో జరిగింది నువ్వు మరిచి ఉండవు. పావగడ చదరంగం సంఘం పోటీలో చివరికి మిగిలింది మనమిద్దరమే. గెలిచినవాడిని మైసూరు ఆటలకు పంపుతామన్నారు. పొద్దు గూకినా ఆట తేలలేదు. కాయలు కదలకుండా పీట మీద కోళ్ల గంప బోర్లించి, తెల్లారి ఆడదామని లేచాం. తెల్లారి చూస్తే నీ శకటు ముందునాటి గడిలో లేదు, పక్కింట్లో ఉంది. అక్కడి నుంచి షా అని నా రాజును బెదిరించి, వెనకున్న ఏనుగును తినే దారి నీకు దొరికింది. నేను దొంగ అన్నాను. నువ్వు రోకలి ఎత్తావు. తప్పు ఒప్పుకునేదాకా నువ్వూ నీ పెండ్లామూ నా గడప తొక్కరాదన్నాను. నేను చేతులు జోడించి నీ ముందు నిలబడేదాకా తిరుమణి పొలిమేరకే రామని నువ్వన్నావు. సంఘమంతా విన్నది. నీ పెండ్లాము నా ఒక్కగానొక్క చెల్లెలని ఆ పూట మనిద్దరికీ గుర్తు రాలేదు.

నా మాట నేను వెనక్కి తీసుకోలేను. నువ్వూ తీసుకోవు. కాబట్టి ఆ ఆటనే ఉత్తరాల్లో ముగిద్దాం. శకటు నువ్వు చెప్పిన ఇంట్లోనే ఉండనీ, ఎత్తు నీదే. ఏనుగు పోయినా నేను ఓడనని పదేండ్లుగా లెక్క వేసి పెట్టుకున్నాను. నువ్వు గెలిస్తే సంఘం ముందు చేతులు జోడిస్తాను. గెలవకపోతే నువ్వు వచ్చి తప్పు ఒప్పుకోవాలి. ఎట్లా తేలినా చెల్లెలు అమ్మను చూస్తుంది. ఇంకొకరిని అడిగి ఆడరాదు. ఉత్తరానికి ఒక్క ఎత్తు.

త్వరగా రాయి. చలికాలం దాటుతుందో లేదో పావగడ డాక్టరు చెప్పలేకపోయాడు.

కాటప్ప


మిల్లు లైన్లు, బెంగళూరు
10-11-1942

కాటప్పకు,

దొంగ అన్న నోరే తీర్పు కూడా చెబుతానంటోంది. సరే, కానీ.

నీ మూలాన నేను పోగొట్టుకున్నది మైసూరు ఆట ఒక్కటే కాదు. ఆ తర్వాత ఆరు నెలలు సంతకు పోతే "శకటు దొంగ వచ్చినాడు" అన్నారు. విత్తనాలకు పోయినా అదే, కల్లుకు పోయినా అదే. ఉన్న నాలుగెకరాలు మా తమ్ముడికి వదిలేసి ఈ ఊరు చేరాను. ఇప్పుడు పగలూ రాత్రీ యుద్ధానికి ఖాకీ గుడ్డ నేస్తున్నాం. నేను ఆ కాయను ముట్టలేదు. అప్పుడూ ఇదే చెప్పాను, చచ్చేదాకా ఇదే చెబుతాను.

నా ఎత్తు నీకు తెలిసిందే. శకటుతో నీ రాజుకు షా.

అత్త సంగతి విన్నప్పటి నుంచి రంగక్క పొయ్యి ముందు నుంచి లేవలేదు. మేముండే ఈ మిల్లు కూలీల ఇండ్ల వరుసల్లో హనుమక్క అనే పంతులమ్మ ఆడవాళ్లకు అక్షరాలు చెబుతుంది, అక్కడికీ పోవడం మానేసింది. నీ ఉత్తరం తనే కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. "ఈ ఆట వద్దు" అంది. ఎందుకు వద్దంటే చెప్పదు. పదేండ్లుగా నేను చదరంగం గుడ్డ పరిస్తే చాలు, లేచి బయటికి పోతుంది. పుట్టింటి బాధ అనుకుని నేనెప్పుడూ గుచ్చి అడగలేదు.

అత్త ఏమి తింటోందో, ఎవరిని గుర్తు పడుతోందో వివరంగా రాయి. అది అడుగుతోంది.

ఓబళప్ప


తిరుమణి
19-11-1942

ఓబళప్పకు,

రాజును పక్కకు జరిపాను. ఏనుగును తిను. పదేండ్ల ఆకలి కదా.

అమ్మ గంజి తాగుతోంది. ఎడమ చెయ్యి బాగుంది, ఆ చేత్తోనే లోటా పట్టుకుంటుంది. అందరినీ గుర్తు పడుతోంది. మనం ఆట మొదలుపెట్టామనీ, అయిపోగానే రంగక్క వస్తుందనీ నేనే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు రోజూ "ఎత్తు ఎవరిదిరా?" అని అడుగుతోంది. ఓబళప్పదే అంటే "ఆయప్ప తొందరగా ఆడకూడదా" అంటుంది. నాది అంటే నా వంక ఒక చూపు చూస్తుంది. దానికంటే తిట్టడం నయం.

ముట్టలేదంటావు. ముట్టకుండా కాయ నడుస్తుందా? ఆ ఉదయం గురించి నాకు తెలిసినదంతా రాయాలంటే ఈ కాగితం చాలదు, రాయాలనీ లేదు. ఆట మాట్లాడుకుందాం.

కాటప్ప


బెంగళూరు
28-11-1942

కాటప్పకు,

ఏనుగును తిన్నాను. ఆకలి తీరలేదు.

రంగక్కకు అత్త ఎడమ చేతి మాట చదివి వినిపించాను. తన ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసుకుంది.

నీకు మిగిలింది గుర్రం, నాలుగు బంట్లు. మర్యాదగా ఓడిపోయానని రాస్తే వచ్చే వారమే సెలవు పెడతాను. ఇప్పుడు సెలవంటే మేస్త్రీ కాళ్లు పట్టుకోవాలి. నీ కోసం కాదు, అత్త కోసం పట్టుకుంటాను.

ఓబళప్ప


తిరుమణి
11-12-1942

ఓబళప్పకు,

ఓడిపోయానని రాయించుకోవడం అంత సులువా. నా అంచు బంటు ఒక ఇల్లు ముందుకు నడిచింది. పీట మీద చూసుకో. గుర్రం దానికి కాపలా. ఇంకో మూడడుగులు వేస్తే నీ మూలన ఏనుగు ఇంట్లో నిలబడుతుంది. మన ఆటలో ఏనుగు ఇంట్లో చేరిన బంటు ఏనుగే అవుతుందని నీకు చెప్పాల్సిన పని లేదు. నువ్వు తిన్నది నీ ఇంట్లోనే లేచి నిలబడుతుంది.

ఉత్తరం ఆలస్యమైంది. నీది వచ్చిన రోజే అమ్మకు జ్వరం తగిలింది. నాలుగు రోజులు కన్ను తెరవలేదు. తెరిచి మారక్క చెయ్యి పట్టుకుని "ఎంత చిక్కినావే రంగక్కా" అంది. మారక్క నేను కాదని చెప్పలేదు. "ఔనమ్మా" అని అక్కడే కూర్చుని ఏడ్చింది. నేను బడి పిల్లల పలకలు దిద్దుతున్నట్టు నటించాను.

కాటప్ప


బెంగళూరు
20-12-1942

కాటప్పకు,

నా ఏనుగును వెనక్కి తెచ్చాను. ఇది ఆట మాట.

ఇప్పుడు ఆట కాని మాట. రంగక్కను ఒక్కదాన్నే పంపుతాను. మధుగిరి దాకా బొగ్గుతో నడిచే బస్సు ఎక్కిస్తాను, అక్కడి నుంచి నువ్వు తీసుకుపో. నేను రాను. మన ఆట మనం ఆడుకుందాం. అత్త మారక్కను చూసి రంగక్క అనుకుందని చదివాక ఇంట్లో పొయ్యి వెలగలేదు. నీతో ఇట్లా అడగాల్సి వస్తుందని నేననుకోలేదు. అడుగుతున్నాను.

ఓబళప్ప


తిరుమణి
2-1-1943

ఓబళప్పకు,

బంటు ఇంకో ఇల్లు నడిచింది. ఇక రెండే.

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. కుదరదు. నీ పెండ్లామును కూడా రానివ్వనని నేనే అన్నాను, సంఘంలో ఇరవై మంది ఎదుట. ఇప్పుడు నోరు మూసుకుని దాన్ని లోపలికి పిలిస్తే, పదేండ్లు ఎందుకు రానివ్వలేదని అమ్మ అడుగుతుంది. ఏమి చెప్పేది? పంతం కోసమని చెప్పేదా? ఆట తేలితే చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుంది.

నన్ను రాయి అనుకో. మారక్క ఆ మాట పైకే అనేసింది. రెండు రోజులుగా నా కంచంలో అన్నం పెట్టి పలకకుండా పోతోంది.

నీ ఎత్తు పంపు. అమ్మ అడుగుతోంది.

కాటప్ప


బెంగళూరు
18-1-1943

బావమరిది కాటప్పకు,

ఈ ఉత్తరం చదివేటప్పుడు మన గుడ్డ ముందు పెట్టుకో.

నీ బంటును ఆపే దారి నాకు ఇంటి గుడ్డ మీద కనబడలేదు. మొన్న ఆదివారం మిల్లు క్లబ్బులో కాయలు పేర్చుకుని ఒక్కడినే కూర్చున్నాను. అక్కడిది ఇంగ్లీషు పలక, ఒక ఇల్లు తెల్లగా, ఒకటి నల్లగా ఉంటుంది. గంటసేపు చూస్తే దారి దొరికింది. నా శకటు ఒకే ఎత్తులో మూలను కాపలా కాస్తుంది, నీ బంటు అడుగు పెడితే చస్తుంది. ఆపైన నీకు ఆట లేదు. గెలిచాననుకుని బీడీ వెలిగించాను.

అప్పుడు సంజీవప్ప అనే ముసలి ఆటగాడు వెనక నిలబడి నవ్వాడు. నేనేమీ అడగలేదు. "ఏమప్పా, నీ శకట్లు రెండూ తెల్లిండ్లలోనే కాపురం పెట్టినాయే. ఇది యా దేశం ఆట?" అన్నాడు.

నీకు విడమరిచి చెప్పనక్కర్లేదు కానీ చెబుతాను. శకటు ఏటవాలుగా తప్ప నడవదు. తెల్లింట్లో బయలుదేరింది చివరిదాకా తెల్లిళ్లలోనే తిరుగుతుంది, నల్లింట్లోది నల్లిళ్లలోనే. మనిషికి ఒకటి తెల్లది, ఒకటి నల్లది. రెండూ తెల్లిళ్లలో ఉన్నాయంటే, ఒకదాన్ని ఎత్తి పక్కింట్లో పెట్టారన్నమాట. మన గుడ్డ మీద గీతలే కానీ రంగుల్లేవు. అందుకే ఇన్నేండ్లూ నీకూ కనబడలేదు, నాకూ కనబడలేదు. బొగ్గు తీసుకుని ఇల్లు వదిలి ఇల్లు నలుపు పూసి చూడు.

నువ్వు చెప్పిందే నిజం, కాటప్పా. కాయ కదిలింది. కదిలించింది నేనే. మైసూరు పోవాలన్న ఆశతో తెల్లారకముందే లేచి చేశాను. గెలిచే ఎత్తు నా దగ్గర ఉంది, దాన్ని ఆడను. ఓడిపోయినట్టు రాసుకో. సంఘం ముందు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతాను. రంగక్కను వెంటనే రానివ్వు.

ఓబళప్ప


బెంగళూరు మిల్లు లైన్లు
అదే దినం

అన్నకు,

రంగక్క రాసేది. నా అక్షరాలు నువ్వెప్పుడూ చూసిండవు. తప్పులుంటే దిద్దొద్దు, చదువు.

మీ బావ ఉత్తరం మడిచి, పోస్టులో వెయ్యమని నా చేతికిచ్చి షిఫ్టుకు పోయినాడు. విప్పి చదివినా. అంతా నిజమే, ఒక్కటి తప్ప. కాయను కదిలించింది ఆయప్ప కాదు. నేను.

ఆ పొద్దు తెల్లారతానే మా ఎర్రకోడి పదకొండు పిల్లల్ని వాకిట్లోకి దింపింది. గద్ద తిరుగుతా ఉన్నింది. చేతికందిన గంప పీట మీద ఉన్నిండేదొక్కటే. ఎత్తేటప్పుడు అంచు తగిలి ఒక కాయ పడింది. అది యాడుండెనో ఆడనే పెట్టినా అనుకున్నా. గంప పిల్లల మీద బోర్లించి నీళ్లకు పోయినా. బిందె దించేసరికి నువ్వు దొంగ అంటా ఉన్నావు, ఆయప్ప రోకలి ఎత్తిండాడు.

చెప్పల్లని నోరు తెరిచినా అన్నా. చెప్తే నువ్వేమందువు? మొగుడు గెలవల్లని చేసింది అందువు. మా అత్తగారేమందురు? అన్న మాట నెగ్గల్లని అబద్ధం చెప్తా ఉండాది అందురు. ఒక ఇల్లు నిలబడితే ఇంకో ఇల్లు పోతాదని నోరు మూసుకుంటి. మూసుకున్నా రెండిండ్లూ పోయినాయి. ఈ పొద్దు చెప్తా, రేపు చెప్తా అనుకుంటానే పదేండ్లయింది.

ఆదివారం క్లబ్బు నుంచి వచ్చి, "గంప ఎవరైనా తీసినారా?" అని మెల్లగా అడిగినాడు. చెప్పేసినా. నేను ముట్టలేదు, నేను ముట్టలేదు అనే ఒక్క మాట మీద పదేండ్లు బతికిన మనిషి. కొడతాడనుకుంటి. నీళ్లడిగి తాగినాడు. ఈ పొద్దు కూచోని ఆ ఉత్తరం రాసినాడు. నేను తప్పు చేసినదాన్నై అమ్మ ముందర నిలబడకూడదని తన మీద వేసుకున్నాడు.

నాకొద్దు. అమ్మను చూడల్లని నా పేగులు లాగతా ఉండాయి. అయినా దొంగ పెండ్లామని అనిపించుకోని నీ గడప తొక్కను. ఆయప్ప దొంగ కాడని సంఘంలో నువ్వు నీ నోటితో చెప్పినాకనే వస్తా. తిట్టేదుంటే నన్ను తిట్టు.

అమ్మ ఎడమ చెయ్యి బాగుండాదని రాసినావు. తల నిమిరేదానికి ఒక చెయ్యి చాలు.

రంగక్క


తిరుమణి
1-2-1943

బావకు, చెల్లెలికి,

మీ రెండుత్తరాలూ ఒకే సంచిలో వచ్చాయి. మీ గుట్టు మీరే ఒకరికొకరు చెప్పుకోండి, నేను దాచలేను.

మొదట బావది విప్పాను. నేనే చేశానన్న మాట కోసం పదేండ్లు కాచుకున్నాను. చదివితే సంతోషం కలగలేదు. సిగ్గు పట్టుకుంది. అది అబద్ధమని చెల్లెలి ఉత్తరం చదవకముందే నాకు తెలుసు.

ఆ ఉదయం నేను వచ్చేసరికి గంప పీట మీద లేదు. వాకిట్లో ఉంది, కింద కోడిపిల్లలు అరుస్తున్నాయి. దొంగచాటుగా కాయ జరిపేవాడు గంపను మళ్లీ ఎట్లా ఉన్నది అట్లా బోర్లిస్తాడు. వాకిట్లో పెట్టి పోడు. ఎవరిదో చెయ్యి తగిలిందని నాకు అక్కడే తట్టింది. అడిగి ఉంటే అయిపోయేది. కానీ ముందునాడు ఇంటికి పోయి ఆ ఆటను మనసులో ఆడుకున్నాను బావా, ఎటు ఆడినా నాకు దారి లేదు. ఓడిపోయాననడం కంటే నిన్ను దొంగ అనడం నా నోటికి సులువయింది. గంప చూసిన సంగతి ఇంతవరకూ మారక్కకు కూడా చెప్పలేదు. నిన్న చెప్పాను.

నువ్వన్నట్టే గుడ్డ మీద బొగ్గు పూశాను. శకటును తీసి దాని నల్లింట్లో పెట్టి, ఎత్తు నీదే అనుకుని ఆడి చూశాను. ఆరో ఎత్తుకు నా రాజుకు ఆటకట్టు. ఏనుగు పోయినా ఓడనని గొప్పగా రాశాను కదా. ఏనుగు ఉండగానే ఓడాను.

నిన్న సంతనాడు పావగడ పోయాను. సంఘంలో తొమ్మిది మంది ఉన్నారు. ఆనాటి పెద్దల్లో బోరయ్య ఒక్కడే మిగిలాడు. నిలబడి చెప్పాను, ఓబళప్ప దొంగ కాడు, ఓడిపోతానని నేనే నింద వేశాను, చూసింది చెప్పలేదు అని. గంప ఎవరు తీశారని అడిగారు. కోడిని అడగమన్నాను. బోరయ్య "పదేండ్లు పట్టిందా కాటప్పా ఈ ఎత్తు ఆడేదానికి" అన్నాడు. వచ్చేశాను.

చెల్లెలా, ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన నేను నీకు ఒక్కటీ నేర్పలేదు. నీ ఉత్తరంలో దిద్దవలసింది నాకేమీ కనబడలేదు.

బావా, మేస్త్రీ కాళ్లే పట్టుకుంటావో, చెప్పకుండానే వస్తావో నీ ఇష్టం. ఈ ఉత్తరం అందాక వచ్చే మొదటి గురువారమే మధుగిరి బస్సుకు ఇద్దరూ రండి. పొలిమేర దగ్గర బస్సు ఆపిస్తాను. నువ్వు కోరినట్టు చేతులు జోడించుకునే నిలబడి ఉంటాను, నువ్వు దిగి విప్పితే విప్పుతాను.

ఒక్క గురువారం కూడా తప్పించకండి. అమ్మకు గంజి కూడా దిగడం లేదు. నేను పావగడ నుంచి వచ్చేసరికి మేలుకునే ఉంది. "ఎత్తు ఎవరిదిరా?" అంది. ఆట అయిపోయిందమ్మా, రంగక్క వస్తోంది అన్నాను. మారక్క చెప్పే మాటే అది, కానీ వస్తోందని నేను చెప్పడం ఇదే మొదలు. అందుకేనేమో నమ్మింది. ఎడమ చెయ్యి ఎత్తి వాకిలి చూపించింది.

"అట్లయితే నన్నేం చూస్తావు? పోయి గంప తీసి కోడిని పట్టు" అంది.

కాటప్ప